ఎవరో పెద్దాయన

తాళంచెవి సగం తిరిగి ఆగిపోయింది. రోజూ ఆగే చోటే అది. తాళాలమ్మ ఎడమ భుజాన్ని తలుపుకి ఆనించి, ఊపిరి బిగబట్టి, తలుపుని కాస్త పైకెత్తినట్టుగా నెట్టి మిగతా సగం తిప్పింది. లోపల ఇనుము ఇనుముని వదిలిన చప్పుడైంది. రెండు నిలువుల ఎత్తున్న తలుపు మూలుగుతూ కదిలింది. రాత్రంతా మూసి ఉన్న రాతి చల్లదనం, పావురాల రెట్టల వాసన, ఆరిన కొవ్వొత్తుల వాసన కలిసి మొహానికి కొట్టాయి.

"ఇంకా అదే తాళమా?" అన్నాడు వెనకాల నిలబడ్డ ఆమె తండ్రి. "నా రోజుల్లోనూ ఇట్లాగే ప్రాణం తీసేది."

"గడప ఎత్తుగా ఉంటుంది. చూసుకో నాన్నా."

"నాకు చెప్తావేంటే! ఈ గడప మీద కూర్చుని ఎన్నిసార్లు అన్నం తిన్నానో."

ఆయన గడప దాటి లోపలికొచ్చి, తలెత్తి కప్పువైపు చూస్తూ ఉండిపోయాడు. ఎనభై దాటిన మనిషి. ఉతికిన చొక్కా, గొంతు దాకా పెట్టుకున్న గుండీలు, నూనె రాసి దువ్విన నాలుగు వెంట్రుకలు. వేళ్ళ చివర్లు గీతలు లేకుండా నున్నగా ఉంటాయి. జీవితమంతా సున్నం తిన్న వేళ్ళు అవి. కుడికంట్లో ఎప్పుడో సున్నం చింది పొర కమ్మింది. ఎడమ చెవి సరిగా వినపడదు. పని మానేసి చాలా కాలమైనా చుట్టుపక్కల వాళ్ళకి ఆయన ఇప్పటికీ సున్నాల మేస్త్రే.

"ఒక్కసారి తీసుకెళ్ళవే, నేను వేసిన గోడలు చూసుకుని వస్తాను" అని ఆయన అడగడం, ఆమె దాటవెయ్యడం ఏళ్ళ తరబడి సాగింది. వాన అంది. జనం ఎక్కువగా ఉన్నారంది. కప్పు రిపేరు జరుగుతోంది, పెంకులు మీద పడతాయంది. ఇవాళ పొద్దున ఆమె చెప్పులేసుకుని బయటికి వచ్చేసరికి ఆయన తయారై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాదనడానికి ఆమెకి ఏ అబద్ధమూ చేతికి దొరకలేదు. ఉన్నవన్నీ అప్పటికే వాడేసింది.

ఆ పాత చర్చిలో ఇప్పుడు ప్రార్థనలు జరగవు. రోడ్డుకి అవతల కొత్త చర్చి కట్టాక జనం అక్కడికే వెళ్తున్నారు. ఇక్కడికి వచ్చేవాళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళు. మెడలో కెమెరాలు, చేతిలో నీళ్ళ సీసాలు. స్తంభాల మీద చెక్కిన ద్రాక్షతీగలు చూస్తారు, రంగు అద్దాల కిటికీల్లోంచి నేల మీద పడే ఎర్రటి నీలపు వెలుగులో చేతులు పెట్టి ఫొటోలు తీసుకుంటారు, మోకాళ్ళు ఆని ఆని గుంటలు పడ్డ చెక్కపీటలు తడిమి చూస్తారు. వాళ్ళందరికీ అన్నీ చూపించేది తాళాలమ్మ.

పెళ్ళయిన కొత్తల్లోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చినప్పుడు ఆమెకి నాలుగు అక్షరాలు రావడం తప్ప ఇంకే ఆధారమూ లేదు. అప్పుడే ఈ చర్చి మొత్తానికి సున్నం వేసి ముగించిన తండ్రి, ఫాదర్‌గారి ముందు నిలబడి, "అయ్యా, మా పిల్లకి ఏదైనా పని ఇప్పించండి" అన్నాడు. గోడల తెల్లదనం చూసి మురిసిపోయి ఉన్నాడు ఫాదర్, కాదనలేదు. చీపురు ఇచ్చాడు. చీపురు పట్టిన చేతికే తర్వాత తాళాలొచ్చాయి. వచ్చిపోయే చదువుకున్నవాళ్ళ మాటలు వినివిని, తుడుస్తూ తుడుస్తూనే, ఏ కమాను ముందు కట్టారో, ఏ కిటికీ తర్వాత పెట్టారో నేర్చుకుంది. ఇప్పుడు పెద్ద పెద్దవాళ్ళు ఆమెని 'గారు' అంటారు. ఆ ఒక్క 'గారు' కోసం ఆమె చాలా చేసింది. అందులో ఒకటి తండ్రికి తెలియకూడదు.

పీఠానికి కుడివైపు గోడ మీద, కొన్నేళ్ళ క్రితం, సున్నం పెచ్చు ఊడి ఒక వేలు బయటపడింది. బొమ్మలో వేలు. తర్వాత పైనుంచి ఎవరెవరో వచ్చి చూసి, ఆ గోడంతా దేవదూతల బొమ్మలున్నాయని తేల్చారు. అప్పట్నుంచి గొట్టాలతో మంచె కట్టి, ఒకమ్మాయి చిన్న చిన్న కత్తులతో సున్నాన్ని గోరంత గోరంత గీకి తీస్తోంది. వచ్చినవాళ్ళు ముందు ఆ గోడ దగ్గరికే పరిగెత్తుతారు. అందరూ అడిగేది ఒకటే. "ఇంత అందమైన బొమ్మల మీద సున్నం కొట్టిన మహానుభావుడెవరండీ?"

మొదటిసారి ఎవరో అలా అడిగినప్పుడు తాళాలమ్మకి చెమటలు పట్టాయి. నోరు తెరిస్తే నిజం జారుతుందేమోనని భయపడి గబుక్కున ఒక హాస్యం ఆడింది. "దేవదూతలకి జలుబు చేస్తుందని దుప్పటి కప్పాడండి పాపం." అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు వెచ్చగా తాకింది. మరుసటిసారి ఇంకో మాట కలిపింది. ఆ తర్వాత ఇంకోటి. అలా అలా అది పెరిగి సున్నం కథ అయింది. తెలిసినవాళ్ళు అడిగి మరీ చెప్పించుకునేదాకా వచ్చింది.

"ఇదేంటే ఇట్లా అయింది!"

తండ్రి మంచె దగ్గర నిలబడి గోడకేసి చూస్తున్నాడు. తెల్లటి గోడ మధ్యలో చిరిగిన చొక్కాలోంచి ఒళ్ళు కనిపించినట్టు అక్కడక్కడా రంగులు. ఒక రెక్క, ఎర్రటి వస్త్రం మడత, సగం మొహం.

"పెచ్చులూడిపోయిందే! మళ్ళీ ఒక పూత వేయిస్తే సరిపోయేదానికి ఇట్లా గీకి పెట్టారేంటి?"

"మెల్లగా మాట్లాడు నాన్నా."

"నీలిమందు కలిపి వేశానే దీనికి. చూసినవాళ్ళు పాలు పొంగినట్టుందిరా అన్నారు. ఫాదర్‌గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు, సున్నం అంటుతుందన్నా వినకుండా." ఆయన మొహం వెలిగింది. "బొమ్మలుండేవిలే. అప్పటికే మసిబారి దయ్యాల్లా ఉండేవి. పిల్లలు దడుచుకుంటున్నారు, కొట్టెయ్ మేస్త్రీ అన్నారు. కొట్టేశాను. కానీ అదిగో, ఆ మూల ఒక మొహం ఉంది చూడు. దాని మీద వేసేటప్పుడు..."

బయట చప్పుడైంది. తాళాలమ్మ తుళ్ళిపడింది. "నాన్నా, వాళ్ళొస్తున్నారు. నువ్వు అక్కడ, చివరి బెంచీ మీద కూర్చో. ఎవరితోనూ ఏం మాట్లాడకు. అడిగితే ఊరికే చూడ్డానికి వచ్చానని చెప్పు."

"నా కూతురు ఇక్కడ పెద్దదని చెప్పొద్దా?" నవ్వాడాయన.

"వద్దు."

ఆ మాట తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, తలూపి, బెంచీలు పట్టుకుంటూ పట్టుకుంటూ వెనక్కి వెళ్ళాడు.

వచ్చింది సున్నం గీకే అమ్మాయి. ఆమెని రంగులమ్మాయి అంటారు. "గుడ్ మార్నింగ్ ఆంటీ" అని మంచె ఎక్కి దీపం వెలిగించుకుంది. తాళాలమ్మ బెంచీలు తుడిచింది. పావురాల రెట్టలు తడిగుడ్డతో రుద్దింది. కిటికీల కింది తలుపులు ఒక్కొక్కటే తీసింది. తుడుస్తున్నంతసేపూ వెనక్కి చూడలేదు. అయినా ఆయన అక్కడున్నట్టు వీపుకి తెలుస్తూనే ఉంది.

ఎండ ముదిరాక కాలేజీ మాస్టారి గుంపు దిగింది. మాస్టారు రిటైరయ్యాడు గానీ పాత కట్టడాల పిచ్చి రిటైరవలేదు. ఎప్పుడూ ఎవరో పదిమందిని వెంటేసుకుని ఏదో ఒక పాత చర్చికో, గోరీకో బయల్దేరుతాడు. ఈసారి ఎక్కువమంది ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు.

"మన తాళాలమ్మగారు!" అని మాస్టారు రెండు చేతులూ చాచి అందరికీ పరిచయం చేశాడు. "ఈవిడ నోరు విప్పితే రాళ్ళు కూడా చెవులు రిక్కిస్తాయి."

ఆమె చూపించింది. స్తంభాలు, తీగలు, కిటికీలు. ఇవాళ మాటలు తడబడ్డాయి గానీ ఎవరూ గమనించలేదు. చివరికి అందరూ పీఠం ముందు గుండ్రటి రాతి పలక దగ్గరికి చేరారు. ఆ పలక మీద నిలబడి గుసగుసలాడినా తలుపు దగ్గరున్నవాళ్ళకి చెవిలో చెప్పినట్టు వినపడుతుంది. కప్పు కమాను అలా కట్టారు. మామూలుగా ఆమె అందరినీ వెనక్కి పంపి, తనిక్కడ నిలబడి, "మీ జేబులు జాగ్రత్త" అని మెల్లగా అని అందరినీ నవ్విస్తుంది. ఇవాళ ఆ ఆట వదిలేసి గోడ వైపు తిరిగింది.

గోడ చూసి ఆడవాళ్ళు అయ్యయ్యో అన్నారు. "ఇంత అన్యాయం చేసిందెవరండీ?"

"ఆగండాగండి" అన్నాడు మాస్టారు. "ఆ కథ ఆవిడ నోటే వినాలి. చెప్పండి తాళాలమ్మగారూ, సున్నం కథ!"

"ఇవాళ వద్దులెండి మాస్టారూ. గొంతు బాలేదు."

"అదేం కుదరదు. దారి పొడుగునా వీళ్ళని ఊరించుకుంటూ తీసుకొచ్చాను."

ఫోన్లు పైకి లేచాయి. నవ్వడానికి సిద్ధంగా ఉన్న మొహాలన్నీ ఆమె మీదే ఉన్నాయి. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఆమె ఒకసారి చివరి బెంచీ వైపు చూసింది. తండ్రి తల వంచుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడేమో. ఎడమ చెవి ఎటూ వినపడదు. ఆమె గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"అప్పట్లో ఒక మేస్త్రి ఉండేవాడండి. గోడ కనిపిస్తే చాలు, చెయ్యి దురద పెట్టేది ఆయనకి. దేవదూతలకి జలుబు చేస్తుందని దుప్పటి కప్పాడు. సాక్షాత్తూ దేవుడే దిగొచ్చి ఎదురుగా నిలబడినా, కాస్త పక్కకి జరగండి స్వామీ అని రెండు పూతలు వేసేసేవాడు..."

నవ్వులు మొదలయ్యాయి. అవి మొదలయ్యాక ఆపడం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు. చివరి మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"గాడిదకేం తెలుసండీ గంధపు చెక్కల వాసన!"

నవ్వులు కప్పుదాకా ఎగిరి తిరిగొచ్చాయి. అప్పుడు కిందకి చూసుకుంది తాళాలమ్మ. కాళ్ళ కింద గుండ్రటి పలక ఉంది. గొంతు తగ్గించి చెప్పిన ప్రతి ముక్కా నేరుగా చివరి బెంచీకి వెళ్ళి ఉంటుంది.

"పాపం, ఆ తాతగారు కూడా నవ్వుతున్నారు చూడండి" అంది ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ.

ఆయన నిజంగానే నవ్వుతున్నాడు. పళ్ళు లేని నోరు తెరిచి, భుజాలు కదుపుతూ, అందరితో పాటు. నవ్వాల్సిన చోట నవ్వకపోతే బాగుండదన్నట్టు నవ్వుతున్నాడు.

"ఎవరాయన? మీవాళ్ళా?" అడిగింది ఎర్రచీరావిడ.

"కాదండీ. ఎవరో పెద్దాయన. ఎండకి తాళలేక వచ్చి కూర్చుంటారు."

ఆ మాట అనడానికి ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆమెని కోసింది అదే.

చివరి బెంచీ కిర్రుమంది. తండ్రి లేచాడు. మెల్లగా తలుపు దాకా నడిచి, అక్కడ ఆగి, ఇటు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"వెళ్ళొస్తానమ్మా. మీ గుడి చల్లగా ఉంది. కాసేపు కూర్చోనిచ్చారు, అదే పదివేలు."

మీరు అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఆయన మీరు అనడం అదే మొదటిసారి. చిన్నప్పుడు అలిగినా, కోపమొచ్చి చెయ్యి చేసుకున్నా, విధవరాలై తిరిగొచ్చిన రోజు గుమ్మంలో పట్టుకుని ఏడ్చినా, అన్నిటికీ 'ఏమే' ఒక్కటే. ఇప్పుడు ఆమె చెప్పిన అబద్ధానికి ఎక్కడా చిరుగు పడకుండా, కొంగు సర్దినట్టు సర్ది, గడప జాగ్రత్తగా దాటి వెళ్ళిపోయాడు.

"పద్ధతైన మనిషి" అన్నాడు మాస్టారు.

తాళాలమ్మ మిగతాదంతా చూపించింది. గంటగోపురం మెట్లెక్కించింది, దించింది. ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. ఫొటోలో నవ్వమంటే నవ్వింది. వాళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు దగ్గర కాపలా కుర్చీలో ఉన్నతన్ని అడిగింది.

"తమ్ముడూ, ఇందాక ఒక పెద్దాయన వచ్చాడు... వెళ్ళిపోయాడా?"

"ఏ పెద్దాయనక్కా? ఆ సన్నగా ఉన్నాయనా? అటుకేసి వెళ్ళినట్టున్నాడు. ఏం, ఏమైనా పోయిందా?"

"ఏం లేదు. ఊరికే."

ఇంటికి పరిగెత్తాలనిపించింది. వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలనిపించింది. కానీ వెళ్ళాక ఏ మొహం పెట్టుకుని ఎదురుగా నిలబడాలో తెలియలేదు. సాయంత్రం వెళ్దాం అనుకుంది. తాళాలు వదిలి ఎలా వెళ్ళనని తనకి తనే సర్దిచెప్పుకుంది. నిజానికి ఆ తాళాలు ఒక్క గంట కాపలా అతనికిస్తే ఏమీ మునిగిపోదు.

అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. అది చూసి రంగులమ్మాయి మంచె దిగొచ్చింది. జుట్టంతా తెల్లటి పొడి.

"ఒంట్లో బాలేదా ఆంటీ?"

"బానే ఉంది."

"మీకో సంగతి చెప్పాలి. వారంగా చూస్తున్నా." ఆ అమ్మాయి చెయ్యి చాచి గోడ మూల చూపించింది. సగం తేలిన మొహం. పెద్ద వయసు కాదు, నిద్రలోంచి లేచినట్టున్న కళ్ళు. "గోడంతా మూడు నాలుగు పూతలున్నాయి. మందంగా, బాగా వేశాడు ఆ మేస్త్రి. ఆ మొహం మీద మాత్రం ఒక్కటే పూత. అదీ పల్చగా, కుంచె ఆనీ ఆననట్టు. చుట్టూ అన్ని పూతలూ దాని దాకా వచ్చి పక్కకి తప్పుకున్నాయి. చెయ్యి రాలేదేమో పాపం ఆయనకి."

తాళాలమ్మ అన్నం డబ్బా పక్కకి జరిపింది.

"మీరు కథలో చెప్పినట్టు కాదాంటీ. ఇందాక నేనూ నవ్వాను. కానీ ఆయన చూశాడు. చూసే వేశాడు. చెప్పినవాళ్ళకి ఎదురు చెప్పలేక వేసి ఉంటాడు." ఆ అమ్మాయి నీళ్ళు తాగి సీసా మూత పెట్టింది. "ఆ మేస్త్రి ఎవరో తెలిస్తే బాగుండేది. మీకు గానీ తెలుసా?"

నిజం గొంతులోకి వచ్చింది. పెదవుల దాకా వచ్చింది. పొద్దుటి నవ్వు ఇంకా ఆ గోడల్లో ఎక్కడో అంటుకుని ఉన్నట్టనిపించింది. ఇప్పుడు చెప్తే ఆ అమ్మాయి కళ్ళల్లో తను ఏమైపోతుంది? 'గాడిద' అన్నది కన్నతండ్రినని, 'ఎవరో' అన్నది కన్నతండ్రినని తెలిశాక?

"పాతకాలం మాట కదమ్మా" అంది. "ఎవరికి తెలుస్తుంది."

ఆ తర్వాత వచ్చినవాళ్ళు తక్కువ. ఒక జంట వచ్చి కిటికీల ముందు ఫొటోలు దిగి వెళ్ళారు. తాళాలమ్మ మంచె కింద నిలబడి ఆ మొహం వైపు చాలాసేపు చూసింది. 'దాని మీద వేసేటప్పుడు...' అని ఆయన మొదలుపెట్టిన మాట పొద్దున్నుంచీ అక్కడే వేలాడుతోంది. ఇంటికి వెళ్ళగానే అడగాలి. ముందు కాళ్ళు పట్టుకోవాలా, ముందు ఇదే అడగాలా? ఇదే అడగాలి. ఆ అమ్మాయి అన్నదంతా చెప్పాలి. అది చెప్తే చాలు, ఆయన మిగతాదంతా వదిలేస్తాడు. ఆయన గుణం ఆమెకి తెలుసు. అది తెలియడమే ఆమెకి ఇంకా సిగ్గుగా ఉంది.

పొద్దు వాలింది. రంగులమ్మాయి కత్తులు తుడిచి పెట్టెలో సర్దుకుంటోంది. తాళాలమ్మ బయటి కిటికీ తలుపులు మూసుకుంటూ చర్చి చుట్టూ తిరిగి వెనకవైపుకి వచ్చింది. అటువైపు ఎవరూ రారు. వెనక గోడకి ఆనుకుని ఒక రాతి బెంచీ ఉంది. వాలుతున్న ఎండ గోడ పొడుగునా పడుతోంది. బెంచీ మీద తండ్రి కూర్చుని ఉన్నాడు, వీపు గోడకి ఆనించి, మొహం అటు తిప్పుకుని.

ఇంటికెళ్ళలేదు. తన కోసమే ఇక్కడ కూర్చున్నాడు. పొద్దుటినుంచీ కూర్చున్నాడు. కొంచెం దూరంలోనే, పక్కగా నిలబడి, నేలకేసి చూస్తూ మొదలుపెట్టింది.

"నాన్నా, ఆ అమ్మాయి ఏమందో తెలుసా? మంచె మీద పనిచేసే పిల్ల. ఆ మూల మొహం మీద నువ్వు ఒక్క పూతే వేశావంట. చెయ్యి ఆగినట్టుందంట. అది నువ్వు పొద్దున చెప్పబోతే నేను చెప్పనివ్వలేదు. ఏం చెప్పబోయావు నాన్నా?" ఊపిరి తీసుకుంది. "నాకు బుద్ధి లేదు నాన్నా. వాళ్ళు నవ్వుతుంటే నాకు... ఇవాళొక్కరోజు కాదు, ఎప్పట్నుంచో చెప్తున్నా ఆ మాటలు. నన్ను కొట్టు. నన్ను మీరు అనకు, చాలు."

ఆయన పలకలేదు. ఎడమ చెవి ఇటుంది, వినపడి ఉండదు అనుకుంది. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళింది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. పొర కమ్మిన కన్ను ఎండలో పాలరాయిలా ఉంది. మోకాలి మీదున్న చేతిని పట్టుకుంది. ఎండ తగిలిన వైపు వెచ్చగా ఉంది. కింద అరచెయ్యి రాయిలా చల్లబడి ఉంది.

ఆమె అరిచిన అరుపుకి కాపలా అతను, రంగులమ్మాయి పరిగెత్తుకొచ్చారు. ఫోన్లు చేశారు. బండి వచ్చింది. తెల్లచొక్కాలు వేసుకున్న ఇద్దరు దిగి నాడి చూసి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పోయి చాలాసేపైందన్నారు.

"ఎవరండీ ఈయన? మీకెవరికైనా తెలుసా?"

"మా నాన్న" అంది తాళాలమ్మ.

బయట గాలి ఉంది. రోడ్డు మీద బళ్ళ మోత ఉంది. "ఆ? ఎవరూ?" అన్నాడు అతను చెవి దగ్గరికి తెచ్చి.

"మా నాన్న. సున్నాల మేస్త్రి. ఈ చర్చికి సున్నం వేసింది ఈయనే."

రంగులమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా చూపు తిప్పేసుకుంది. తాళాలమ్మ అంతదాకా దేనికి భయపడిందో అది అంతే, అంత చిన్నగా జరిగిపోయింది.

కాపలా అతను బిక్కమొహం వేశాడు. "అయ్యో అక్కా, పొద్దున ఒక్క మాట చెప్పుంటే... నేను వెనక్కొచ్చి చూసేవాణ్ణి కదా. ఆ గుంపులో ఎర్రచీర మేడమ్ వెళ్తూ వెళ్తూ ఇటొచ్చి, చేతిలో పండు పెట్టి వెళ్ళింది. రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. నేను దూరాన గోడ మూలనుంచి చూసి, మొహం ఆనక, ఎవరో అడుక్కునే..." అక్కడ నాలుక కరుచుకున్నాడు.

తెల్లచొక్కాల వాళ్ళు ఆయన్ని లేపారు. బరువు లేదన్నట్టు లేచాడు. గోడకి ఆనిన వీపంతా, ఉతికిన చొక్కా మీద, సున్నం తెల్లగా అంటుకుని ఉంది. ఆమె చెయ్యి చాచింది దులుపుదామని. మళ్ళీ వెనక్కి తీసుకుంది. బండి తలుపు మూసుకుంది. ఆమె పక్కనే ఎక్కి కూర్చుంది. తాళాల గుత్తి కాపలా అతని చేతిలో ఎప్పుడు పెట్టిందో ఆమెకి గుర్తులేదు.

వాళ్ళు వెళ్ళాక వెనక గోడ మీంచి ఎండ జరిగిపోయింది. రాతి బెంచీ మీద, ఆయన కూర్చున్న చోటికి కాస్త పక్కగా, దొర్లి పడిపోకుండా గోడ వారకి నెట్టి పెట్టిన కమలాపండు ఒకటి, తొక్క మీద గోటి గాటు కూడా లేకుండా, అలాగే ఉంది.